అట్టపెట్టె వెనుక పెద్దమ్మ

మొన్న హైదరాబాద్ నుంచి ఒక టీవీ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఈసారి వరంగల్ ట్రాన్స్‌జెండర్ల ఓటు ఎటువైపు?" అని అడిగింది. మా ఓట్లన్నీ ఒక బస్తాలో కట్టి ఎవరి గుమ్మం ముందో దించుతామన్నట్టుంది ఆ అడగడం. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే ఫోన్ నేలమీద పెట్టి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, ఆ పిల్ల చెవులు గింగుర్లెత్తేలా ఒక చప్పట కొట్టేది. మళ్ళీ ఫోన్ ఎత్తుకుని, "బిడ్డా, ముందుగాల నువ్వెవలికేస్తవో జెప్పు" అని మెల్లగా అనేది. నాకు అంత సత్తా లేదు. తెలియదమ్మా అని పెట్టేశాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. ఇంట్లోంచి గెంటేశాక నన్ను చేరదీసిన గురువు. హిజ్రా ఇళ్ళలో గురువును ఒక్కొక్క చోట ఒక్కో రకంగా పిలుచుకుంటారు. మా ఇంట్లో ఉన్న ఎనిమిది మంది చేలాలమూ, అంటే శిష్యులమూ, పెద్దమ్మా అనేవాళ్ళం. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. పేరు రాయను. ఆమెకు రెండు పేర్లుండేవి. ఒకటి ఆమె ఒప్పుకోనిది, ఇంకొకటి మేం మర్యాద కొద్దీ నోటితో పలకనిది.

చేనేత ఇంట్లో పుట్టిన మనిషి. మగ్గం వదిలి నలభై ఏళ్ళు దాటినా, ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్ళ కొంగు వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసేది. పట్టు అని చెప్పి కట్టుకొచ్చినవాళ్ళ మొహం మీదే "మోసం జేసిన్రు నిన్ను" అనేది. బట్టల దుకాణాల వాళ్ళు ఆమెను చూసి భయపడింది అందుకే గానీ చప్పట్లకు కాదు.

ఓట్లు దగ్గర పడ్డప్పుడల్లా ఏదో ఒక లీడరు వచ్చి ఆమె మెడలో కండువా వేసి పోయేవాడు. అవన్నీ మా వంటింట్లో మసిగుడ్డలయ్యేవి. ఏ రంగు కండువా అయినా సరే, ఆ గుడ్డతోనే అన్నం గిన్నె దించాలి, ఆ గుడ్డతోనే పొయ్యి గట్టు తుడవాలి. "గీ పార్టోనిది పాలిస్టర్. గిన్నె ముట్టంగనే చెయ్యి కాలుతది. ఎన్కట మంచిగ నూలుది ఇచ్చెటోళ్ళు" అనేది. రాజకీయాల మీద ఆమె నోట్లోంచి మేం రాబట్టగలిగిన విశ్లేషణ అంతే.

ఇంట్లో ఆమె కట్టుబాట్లకు లెక్కే లేదు. స్నానం చేయకుండా పొయ్యి ముట్టించకూడదు. తలలో పూలు లేకుండా బజారుకు పోకూడదు. అందరం చాప మీద పంచాయితీకి కూర్చుంటే, మాట్లాడాలనుకున్న మనిషి ఒక్క చప్పట కొట్టాలి. ఆమె తల ఊపాకే నోరు తెరవాలి. ఎవరు ఏ వీధికి పోవాలో, ఎవరితో మాట్లాడాలో, ఎవరితో మానాలో అన్నీ ఆమే చెప్పేది. ఆఖరి మాట ఆమెదే. కానీ ఓటు సంగతి ఎవరైనా ఎత్తితే, "అది నన్నడగకున్రి" అని చీర దులుపుకుని లేచిపోయేది. నాకది వింతగా ఉండేది. మల్లెపూలు ఎన్ని మూరలు పెట్టుకోవాలో కూడా చెప్పే మనిషికి ఓటు దగ్గర నోరు పడిపోవడమేమిటి?

మిర్చి సీజన్లో ఆమె వెంట ఎనుమాముల మార్కెట్‌కు వెళ్ళేదాన్ని. ఘాటుకు నా కళ్ళూ ముక్కూ కారిపోతుంటే, ఆమె ఆ ఎర్రటి రాశుల మధ్య దర్జాగా నడిచేది. సీజన్ మొదట్లో ఆమె చేత్తో రాశిని ముట్టిస్తే బేరం బాగుంటుందని నమ్మే రైతులు ఉండేవాళ్ళు. ఒకసారి కొత్తగా పనిలో చేరిన గుమస్తా ఒకడు, పదిమంది హమాలీలు చూస్తున్నారన్న హుషారులో, "ఇంతకు నువ్వు మొగోనివా, ఆడిదానివా? జర చూపియ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దమ్మ వాడి మొహంలోకి పరీక్షగా చూసింది. వాళ్ళ వాడ ఏదో, నాయన పేరు ఏదో అడిగింది. వాడు చెప్పాడు.

"ఓ, నువ్వా! నువ్వు పుట్టినప్పుడు నిన్ను వొళ్ళె ఏస్కొని ఆడిచ్చిన్ననురా. నీది నేను అప్పుడే చూసిన. పో, పని చేస్కో."

హమాలీలు బస్తాలు దించేసి మరీ నవ్వారు. వాడు ఆ సీజనంతా మేం కనిపిస్తే లెక్కల పుస్తకంలో తల దూర్చేవాడు.

నేను డిగ్రీలో కంప్యూటర్లు చదివాను. అందుకని ఇంట్లో నన్ను డిగ్రీ అనే పిలిచేవాళ్ళు. మా జిల్లా వాళ్ళకోసం వాట్సాప్ గ్రూపు పెట్టింది నేనే. నలభై మందికి పైగా ఉండేవాళ్ళం. అది కాక, పెద్ద పెద్ద నగరాల వాళ్ళుండే గ్రూపుల్లోనూ ఉండేదాన్ని. అక్కడ చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు హక్కుల గురించీ చట్టాల గురించీ పొడుగు పొడుగు పోస్టులు రాసేవాళ్ళు. నిజం చెప్పాలంటే అవి చదివే నాకు తల ఎత్తుకోవడం వచ్చింది. అయితే దుకాణాల ముందు చెయ్యి చాపే మా లాంటివాళ్ళంటే అక్కడ కొందరికి చిన్నచూపు. నేను ఆ పని చేస్తానని అక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

కాగితం మీద గుర్తు గుద్దే కార్పొరేషన్ ఎన్నికలొచ్చేసరికి మా గ్రూపు భగ్గుమంది. పింఛన్ ఇచ్చినోళ్ళకే వెయ్యాలని కొందరు. గుడిలో మనకు మర్యాద ఇస్తామన్నోళ్ళకే అని మా ఇంట్లో అందరికన్నా చిన్నదైన మల్లిక. ఇద్దరూ దొంగలే, హక్కులకోసం కొట్లాడేవాళ్ళకే వెయ్యాలని నేనూ, నా వెనక ఇంకొందరూ. మల్లిక తన మాటను పెద్ద గ్రూపులో కూడా రాసింది. అక్కడొకామె, "నీలాంటిది అసలు ట్రాన్సే కాదు" అని జవాబిచ్చింది. ఓటును బట్టి మనిషిని తేల్చే అధికారం ఆమెకు ఎవరిచ్చారో తెలియదు. నేను మాత్రం ఆ జవాబు కింద గుండె గుర్తు పెట్టాను. మల్లిక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆ గుర్తు పెట్టింది నేనని తెలిసీ నాతో ఒక్క మాట అనలేదు.

పెద్దమ్మకు చదువు రాదు. గ్రూపులో ఏం చెప్పాలన్నా గొంతుతోనే. చప్పట కొట్టకుండా మాట మొదలుపెట్టడం ఆమె చేత కాదు, దానికి రెండు చేతులూ కావాలి. అందుకని ఫోన్ బటన్ మల్లిక చేత నొక్కించి పట్టించేది. ముందు చప్పట వినిపించేది, ఆ తర్వాత కుక్కర్ విజిల్, ఆ తర్వాత ఆమె మాట. ఆ వారం పంపింది నా దగ్గర ఇంకా ఉంది.

"ఎవలికన్న ఏస్కోన్రి. గని ఒకలనొకలు మనిషే కాదనకున్రి. గా మాట అనెటందుకు బయట మస్తుమంది ఉన్నరు."

దానికి కుర్రకారు నవ్వు బొమ్మలు పెట్టారు. గొడవ ఆగలేదు.

దీన్ని తెగ్గొట్టేద్దామని నేను గ్రూపులో ఒక పోల్ పెట్టాను. ఎవరికి వేస్తారు? ఒక పార్టీ, ఇంకో పార్టీ, మూడోది, ఎవరూ వద్దు. నాలుగు వరుసలు. ఓటు అంటే రహస్యమే కదా అన్నది ఎంత లోపల నాటుకుపోయిందో గానీ, ఆ పోల్‌లో ఒక్క వేలు తాకిస్తే ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా కనిపిస్తుందని నాకు తట్టలేదు. పెద్దమ్మ తప్ప అందరూ నొక్కేశారు. రాత్రికల్లా ఎవరో దాన్ని ఫొటో తీసి బయటికి పంపారు.

మేం అద్దెకున్న ఇల్లు, మా డివిజన్లో నిలబడ్డ లీడరు బామ్మర్దిది. ఆ లీడరు నాలుగు రోజుల కిందటే కెమెరాలతో వచ్చి పెద్దమ్మ కాళ్ళకు మొక్కి, ఆమె అతని నెత్తిన చెయ్యి పెట్టి మెటికలు విరిచేదాకా వంచిన తల ఎత్తలేదు. దీవెన అడిగి తల వంచిన మనిషిని కాదనకూడదన్నది మా ఇళ్ళ ఆచారం. ఆ వీడియో ఊరంతా తిరిగింది. ఇప్పుడు బామ్మర్ది ఫోన్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమమ్మా, మా బావను కెమెరాల ముంగట దీవించినవ్. మీ ఇంట్ల తొమ్మిది మందుంటే ఏడుగురు అవతలోళ్ళకు నొక్కిన్రు. గిదేనా మర్యాద?"

"దీవెన అడిగిండు, ఇచ్చిన. దీవెనతోటి ఓటు రాదు బిడ్డా."

"గవన్ని వద్దు. ఓటేసెటప్పుడు ఫోన్ లోపటికి తీస్కపో. గుద్దినంక కాగితం ఫొటో తీసి, బయటికొచ్చి నాకు చూపియ్. పెద్దదానివి, నువ్వొక్కదానివి చూపిస్తే చాలు, మిగిలినోళ్ళను నమ్ముత. లేదంటే ఆదివారానికల్ల ఇల్లు ఖాళీ చెయ్యున్రి."

ఆ ఇల్లు దొరకడానికి మేం ఏడాదంతా తిరిగాం. ఫోన్లో సరేనన్నవాళ్ళు మమ్మల్ని చూడగానే తాళం దొరకడం లేదనేవాళ్ళు. తొమ్మిది మందికి నెత్తిమీద ఒక కప్పు అంటే ఏమిటో మాకు తెలుసు. నా బుర్ర తక్కువ పనివల్ల అది పోబోతోంది.

ఆ సాయంత్రం చాప పరిచారు. పెద్దమ్మ నన్నే అడిగింది.

"డిగ్రీ, ఎవలు దేనికి నొక్కిన్రో అందరికి కనవడ్తదా?"

"కనబడుతది పెద్దమ్మా. నేను చూసుకోలే."

"మూడేండ్లు చదివినవ్ గదనే!"

అందరూ నవ్వారు. నేను నేలలోకి కుంగిపోయాను. ఆమె ఫోన్ తీసుకుంది. నాలుగు వరుసలనూ నా చేత చదివించుకుంది. ఒకటి కాకుండా ఎన్నైనా నొక్కొచ్చా అని అడిగింది. నొక్కొచ్చు అన్నాను. ముందు నొక్కింది మార్చుకోవచ్చా అంది. మార్చుకోవచ్చు అన్నాను. బొటనవేలు చీరకు తుడుచుకుని నాలుగింటికీ వరసగా నొక్కింది. తర్వాత మల్లిక చేత బటన్ పట్టించి, ఎప్పటికన్నా గట్టిగా చప్పట కొట్టి, "అందరు అన్నిటికి నొక్కున్రి. ఒక్కటి గూడ ఇడ్వకున్రి" అంది. గంట తిరిగేసరికి నలభై మందీ మూడు పార్టీల వాళ్ళమూ, ఏ పార్టీ వద్దన్నవాళ్ళమూ అయిపోయాం. ఆ పోల్ చూసి ఇక బ్రహ్మదేవుడు కూడా ఏమీ చెప్పలేడు.

మెచ్చుకోవాల్సిన చోట నేను కోపం తెచ్చుకున్నాను. పెద్ద గ్రూపులో అప్పటికే ఎవరో ఆ పోల్ పెట్టి, వీళ్ళకు ఒక వైపు నిలబడే దమ్ము లేదని రాశారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. వంటింట్లోకి వెళ్ళి ఆమెతో తగాదా పెట్టుకున్నాను.

"దాసుకునుడు దేనికి పెద్దమ్మా? మనమంత బాజాప్త ఒక్క దిక్కు నిలవడ్డమని జెప్తె, మనకు బలం గదా. భయపడుతానవా?"

ఆమె ఉల్లిగడ్డలు తరుగుతోంది. కత్తి పక్కన పెట్టింది.

"నీకు జెప్తే సమజైతదో కాదో. పోలీసోడు చూపియ్యన్నడు. కిరాయికిచ్చెటోడు చూపియ్యన్నడు. దవాఖానకు జరమొచ్చి పోతే, జరం ఇడిసిపెట్టి చూపియ్యన్నరు, పక్క రూములున్నోళ్ళను గూడ పిల్సుకొచ్చిన్రు. కార్డు కావాల్నంటే చూపియ్, పింఛన్ కావాల్నంటే చూపియ్. నన్ను చూపియ్యనకుండ లోపటికి తోలిన జాగ ఈ దేశంల నాకు ఒక్కటే దొరికింది. ఓట్లప్పుడు బడిల బల్లమీద నిలవెడ్తరు సూడు, ఆ అట్టపెట్టె. దాని ఎన్క నేను నిలవడ్డప్పుడు తొంగి చూసెటందుకు ఎవ్వనికి హక్కు లేదు. కలెక్టర్‌కు లేదు. ఆ గుద్దుడు గుద్దెటప్పుడు నేనొక్కదాన్నే. ఇప్పుడు మనోళ్ళే వొచ్చి చూపియ్యంటాన్రు. నువ్వు గూడ."

నా మొండితనం పోలేదు. ఆ రాత్రే నా పేజీలో ఒక పోస్టు రాశాను. మన గురువులు మన గొంతులను కొంగున ముడేసుకున్నారని, చేలాల చైతన్యానికి వాళ్ళే అడ్డుగోడలని. పేరు పెట్టలేదు గానీ ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. మెప్పులు వచ్చి పడ్డాయి. పొద్దున పెద్దమ్మ ఆ పోస్టును మల్లిక చేత రెండుసార్లు చదివించుకుందట. విన్నాక, "అబద్ధమే గని, మంచిగ రాసింది పొల్ల" అని, నా పళ్ళెంలో అన్నం పెట్టి పంపింది. ఆ అన్నం ముందు కూర్చుని ఎంత ఏడ్చానో ఆ దేవుడికే తెలుసు. అయినా పోస్టు తీయలేదు. మూడు రోజులు ఆమె కళ్ళల్లోకి చూడకుండా తిరిగాను.

పోలింగ్ రోజు పెద్దమ్మ పొద్దున్నే తలంటు పోసుకుంది. పెళ్ళిళ్ళకు కట్టే గద్వాల చీర కట్టింది. ఏడు కొట్టకముందే బడి దగ్గర ఆడవాళ్ళ వరసలో మొదట నిలబడింది. మేమంతా ఆమె వెనక. పక్కకొచ్చి నిలబడ్డ ముసలామె ఒకతి పెద్దమ్మ చీర అంచు చూసి ఎంతకు కొన్నావని అడిగితే, నేత ఎవరిదో, జరీ ఎలాంటిదో వివరంగా చెప్పుకొచ్చింది. ఇల్లు పోతుందన్న దిగులు ఆ మొహంలో వెతికినా దొరకలేదు. లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి తన ఫోన్ నా చేతిలో పెట్టింది. నా చేతిలోనే. మూడు రోజుల తర్వాత నేను ఆమె కళ్ళల్లోకి చూడటం అదే.

ఓట్లు వేసి మేమంతా ఒకరి తర్వాత ఒకరం బయటికి వచ్చాం. పార్టీల వాళ్ళు లోపలికి రాకూడదని బడి ముందు గీసిన గీత దాటగానే, వేపచెట్టు కింద నలుగురు మనుషులతో బామ్మర్ది.

"ఏది, ఫొటో చూపియ్."

పెద్దమ్మ సిరా పెట్టిన వేలు అతని కళ్ళముందు నిలబెట్టింది.

"గిది చూడు."

"మంచిగడుగుతాన. పరాష్కాలొద్దు. కాగితం ఫొటో ఏది?"

అప్పుడు కొట్టింది చప్పట. వరసలో ఉన్నవాళ్ళు, టీ బండి దగ్గరివాళ్ళు, గేటు దగ్గరి కానిస్టేబుల్, అందరూ ఇటు తిరిగారు. ఆమె గొంతు పెంచలేదు. అందరికీ వినపడేలా మాత్రం అంది.

"కావాల్నంటే ఇక్కడనే చీరె లేపి చూపిస్త. అది నాకు అలవాటే, మీకు అలవాటే. ఆ కాగితం మాత్రం చూపియ్య. మీ బావొచ్చినా చూపియ్య, మీ బావను కన్నోళ్ళొచ్చినా చూపియ్య."

వరసలో ఎవరో ఆడమనిషి, "మంచిగన్నవక్కా!" అని అరిచింది. ఇంకెవరో చప్పట్లు కొట్టారు, మా చప్పట్లు కాదు, మామూలు చప్పట్లు. బామ్మర్ది చుట్టూ చూసుకుని, "ఆదివారం" అని ఒక్క మాట గొణిగి బండెక్కాడు. నాకు ఆ క్షణాన గర్వంతో గుండె పగిలిపోతుందేమో అనిపించింది. అక్కడే నిలబడి, నా పోస్టు తీసేశాను.

ఆదివారం ఇల్లు ఖాళీ చేశాం. ఆమె పంతం నెగ్గింది గానీ ఇల్లు దక్కలేదు, ఆ సంగతి దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. హసన్‌పర్తి అవతల ఒకామె రెండు రేకుల గదులు ఇస్తానంది. తొమ్మిది మందికి రెండు గదులు. సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించాం. బియ్యం డబ్బాల మీద పెద్దమ్మ, పరుపుల చుట్ట మీద నేను. మల్లికా మిగిలినవాళ్ళూ వెనకాల ఇంకో ఆటోలో.

ఊరు దాటాక ఇక ఉండబట్టలేకపోయాను.

"పెద్దమ్మా, నావల్లనే ఇల్లు వొయింది."

"ఇల్లు వాందే. వాడు తీస్కున్నడు."

"అందరివీ బయట వెట్టిన. నీ మీద రాసిన. నన్ను ఒక్క మాట గూడ అనకవడ్తివి. తిట్టు పెద్దమ్మా."

ఆమె నవ్వింది. నాకు ఇంకా ఏడుపు ఎక్కువైంది. ఆమెకు ఏదో ఒకటి ఇచ్చుకోవాలనిపించింది. అందరివీ బయటపెట్టినదాన్ని, నాది ఆమె ముందు పెట్టేస్తే లెక్క సరిపోతుందనుకున్నాను. పైగా ఆ రోజు లోపల నిలబడ్డప్పుడు నేను అన్నాళ్ళుగా అరుస్తున్నవాళ్ళకు వేశానో, ఆఖరు నిమిషంలో మనసు మార్చుకున్నానో నాకొక్కదానికే తెలుసు, ఆ బరువు మోయలేకపోతున్నాను.

"పెద్దమ్మా, నేను ఎవలికేసిన్ననో నీకు జెప్త. నీ ఒక్కదానికి. నేను..."

ఆటో గుంతలో పడి ఎగిరింది. అయినా ఆమె చెయ్యి గురి తప్పలేదు. వెడల్పాటి అరచెయ్యి వచ్చి నా నోటిని గట్టిగా మూసింది. ఇంకో చేత్తో నా తల పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"వద్దు బిడ్డా," అంది. "నాక్కూడ చెప్పకు."